ట్యూనా తేరుకుంది, మరి ఇక భయం లేదా?

ప్రశ్న: బ్లూఫిన్ ట్యూనా అంతరించిపోతోందని ఏళ్ల తరబడి చదివాం. ఇప్పుడేమో గండం గట్టెక్కిందంటున్నారు. ఏది నిజం? పైగా సముద్రంలో బోనులు కట్టి పెంచుతున్నారట కదా, ఇంకా దిగులెందుకు?

జవాబు: మీరు విన్నది నిజమే, కానీ అది అట్లాంటిక్ బ్లూఫిన్ సంగతి. 2021లో ఐయూసీఎన్ (ఏ జీవికి ఎంత ముప్పుందో జాబితా వేసే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) దాన్ని ప్రమాదం లేని జాబితాలో చేర్చింది. దక్షిణ బ్లూఫిన్‌కి మాత్రం ముప్పు తప్పలేదు. అట్లాంటిక్‌లోనూ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో గుడ్లు పెట్టే చేపలు 1970ల నాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గాయి. ఒక్క శుభవార్తతో అన్నిటినీ కలిపేయకండి.

అసలు అది ఎలా తేరుకుందో చెప్పాలి. 2007లో తూర్పు అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల్లో 29,500 టన్నులు పట్టుకోవచ్చని ఐకాట్ (అట్లాంటిక్ ట్యూనా వేటను నియంత్రించే అంతర్జాతీయ సంస్థ) కోటా ఇచ్చింది. శాస్త్రవేత్తలు అడిగింది 15,000 టన్నులకు మించొద్దని. నిజంగా పట్టింది 61,000 టన్నుల దాకా ఉంటుందని తర్వాత ఆ శాస్త్రవేత్తలే అంచనా వేశారు! ఆ లెక్క గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. చివరికి 2010కి కోటాను 13,500 టన్నులకు కోశారు. ఆ ఏడాదే అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపేద్దామని దోహాలో జరిగిన సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో మొనాకో ప్రతిపాదిస్తే, జపాన్ గట్టిగా వ్యతిరేకించింది, అది వీగిపోయింది.

నన్నడిగితే అన్నిటికన్నా మేలు చేసింది 30 కిలోల నిబంధన. కొద్దిపాటి మినహాయింపులు పోను, అంతకన్నా చిన్న చేపను పట్టకూడదు. మధ్యధరాలో బ్లూఫిన్ నాలుగేళ్లకు ఈడుకొస్తుంది, అప్పటికి దాని బరువు దాదాపు అంతే. అంటే కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం దానికి దక్కాలి. ఇంతకన్నా న్యాయమైన కోరిక ఏముంటుంది?

ఇక బోనుల మాట. చాలావాటిలో జరిగేది పెంపకం కాదండీ, మేపడం. గుడ్లు పెట్టడానికి గుంపుగా చేరిన చేపలను పెద్ద చుట్టువలతో ప్రాణాలతోనే పట్టి, బోనులోకి మళ్లించి, పడవతో మెల్లగా లాక్కెళ్తారు. నెలల తరబడి చిన్న చేపలు వేసి కొవ్వెక్కిస్తారు. సముద్రంలోంచి తీసిన చేపే అది, కోటాలో లెక్క రావాల్సిందే. అందుకే ఒక బోనులోంచి ఇంకో బోనులోకి మార్చేటప్పుడు నీటి అడుగున కెమెరాతో వీడియో తీసి లెక్కపెడతారు. గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా పూర్తిగా పెంచడం జపాన్‌లో కిండాయ్ విశ్వవిద్యాలయం 2002లో సాధించింది, కానీ అది కష్టమైన, ఖర్చుతో కూడిన పని. బోనులున్నాయి కదా అని కోటా సడలిస్తే మాత్రం నేను ఒప్పుకోను.