కౌంటీ జైలు నుంచి స్టేట్ ప్రిజన్‌కి మారిస్తే గడిపిన రోజులు పోతాయా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా ఆయన ఆరు నెలలుగా కౌంటీ జైల్లో ఉన్నారు. ప్లీ బార్గెయిన్‌లో (విచారణ లేకుండా ప్రాసిక్యూటర్‌తో కుదుర్చుకునే ఒప్పందంలో) నేరం ఒప్పుకున్నారు, పోయిన వారం నాలుగేళ్ల శిక్ష పడింది. స్టేట్ ప్రిజన్‌కి పంపిస్తారట. ఈ ఆరు నెలలూ లెక్కలోకి వస్తాయా? రోజూ ఫోన్ చేసేవారు, ఇకపై ఎలా? ఆయనది హెచ్1బి వీసా.

జవాబు: ఆ ఆరు నెలలు ఎక్కడికీ పోవమ్మా. ఈ కేసులో శిక్షకు ముందు జైల్లో గడిపిన రోజులన్నీ శిక్షలోంచి తీసేయాల్సిందే. అయితే ప్రిజన్ వాళ్లు చూసేది జడ్జిమెంట్‌లో రాసిన రోజుల సంఖ్యనే. దాని కాపీ తెప్పించుకుని, అరెస్టయిన తేదీ నుంచి మీరే ఒక్కో రోజూ లెక్కపెట్టి చూడండి. తేడా ఉంటే అది సరిచేయమని లాయర్ చేత ఆ కోర్టులోనే పిటిషన్ వేయించండి.

కౌంటీ (జిల్లా లాంటిది) జైలు అక్కడి పోలీసు అధికారి షెరీఫ్ చేతిలో ఉంటుంది, ప్రిజన్ రాష్ట్ర జైళ్ల శాఖది. కాగితాలన్నీ సిద్ధమయ్యాక 45 రోజుల్లోపు రాష్ట్రం ఆయన్ని తీసుకెళ్లాలి. ఏ రోజన్నది భద్రత కోసం ముందుగా చెప్పరు. ఉన్నట్టుండి ఫోన్ ఆగిపోతే ఏదో జరిగిందని టెన్షన్ పడకండి. శాఖ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూస్తే ఏ యూనిట్‌లో, అంటే ఏ జైల్లో, ఉన్నారో తెలుస్తుంది. మొదట వైద్య పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉంటాయి, తర్వాతే ఒక యూనిట్‌కి పంపుతారు. అది మీ ఊరికి చాలా దూరం కావచ్చు.

ఫోన్‌కి మళ్లీ కొత్తగా రిజిస్టర్ చేసుకోవాలి. చూడ్డానికి వెళ్లాలంటే ఆయన రాసిచ్చిన జాబితాలో మీ పేరుండాలి. అందుకే తరలించకముందే మీ పూర్తి పేరు, అడ్రసు, నంబరు ఆయన చేత కాగితం మీద రాయించండి. 2023 నుంచి మామూలు ఉత్తరాలను స్కాన్ చేసి ట్యాబ్లెట్‌లో చూపిస్తున్నారు. పిల్లలు గీసి పంపిన బొమ్మ కూడా తెర మీదే కనిపిస్తుంది. ఇది మిమ్మల్ని బాధపెడుతుందని తెలుసు, అయినా రాయడం మానకండి.

పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతులతో విడుదల) విషయానికొస్తే, చట్టం తీవ్రమైనవిగా పేర్కొన్న నేరాలకు శిక్షలో సగం జైల్లోనే గడపాలి. మిగతా చాలా వాటికి గడిపిన కాలం, సత్ప్రవర్తన రోజులు కలిపి నాలుగో వంతయితే అర్హత వస్తుంది. ఆ తర్వాత కూడా పెరోల్ బోర్డు ఒప్పుకోవాలి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది వీసా సంగతి. కొన్ని నేరాల్లో శిక్ష పడితే విడుదల రోజునే ఇమిగ్రేషన్ అధికారులు తీసుకెళ్లి దేశం నుంచి పంపించేస్తారు. నేరం ఒప్పుకునే ముందే ఈ ప్రమాదం గురించి లాయర్ చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మీవారికి అలా ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడే కదలాలి. కొత్త విచారణ కోరడానికైనా, అప్పీలు నోటీసుకైనా శిక్ష పడిన రోజు నుంచి 30 రోజులే గడువు. ప్రిజన్‌కి మార్చారని ఆ గడువు ఆగదు. ప్లీ బార్గెయిన్ కేసుల్లో అప్పీలు హక్కు చాలా తక్కువ, కాబట్టి మీకున్న దారి ఏదో లాయరే చూసి చెప్పాలి. ఈ వారంలోనే జడ్జిమెంట్, ప్లీ కాగితాలు తీసుకుని క్రిమినల్, ఇమిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌ని కలవండి.