దానం చేసే క్లయింట్ల గురించి నీకో ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు
మార్చి 2026

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మొన్న మన క్లయింట్ల పన్ను ఫైళ్ళు నీకు అప్పగిస్తుంటే అడిగావు, "సార్, ఈ పదకొండు ఫైళ్ళకి మాత్రం ఎర్ర దారం ఎందుకు కట్టారు?" అని. ఆఫీసులో జనం ఉన్నారు, తీరిగ్గా చెప్పలేకపోయాను. ఆ పదకొండు మందీ ఏటా దానాలు చేసేవాళ్ళు. మిగతావాళ్ళ లెక్కలాగా వాళ్ళ లెక్క జూలైలో, రిటర్న్ వేసేటప్పుడు చూస్తే కుదరదు. ఆ సంగతి నాకు ఒక పెద్దావిడకి నష్టం జరిగాక గానీ బుర్రకెక్కలేదు. ముందు అది చెప్తాను.

పైనున్న మొదటి ఫైలు డాక్టరమ్మగారిది. భర్త పోయిన ఏడాది, 2022 మార్చి 28న, ఆయన పేరు మీద ఒక కంటి ఆసుపత్రి ట్రస్టుకి ఐదు లక్షలు చెక్కు ఇచ్చారు. రసీదుని ఆయన ఫోటోతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జూలైలో నా దగ్గరికి తెచ్చారు. అది 50 శాతం డిడక్షన్ వచ్చే సంస్థ, అంటే ఇచ్చినదాంట్లో సగాన్ని పన్ను వేసే ఆదాయంలోంచి తీసేస్తారు. దానికి పరిమితి కూడా ఉంటుంది. మిగతా డిడక్షన్లు, లాంగ్ టర్మ్ గెయిన్లు (ఎక్కువ కాలం ఉంచుకున్న ఆస్తులు అమ్మితే వచ్చే లాభాలు) తీసేశాక మిగిలే ఆదాయంలో పది శాతం వరకే లెక్కలోకి తీసుకుంటారు. ఆవిడ ఆదాయం ఆ లెక్కన 20 లక్షలు. అంటే ఐదు లక్షల్లో రెండు లక్షలే లెక్కకొచ్చాయి, అందులో సగం, లక్ష డిడక్షన్ వచ్చింది. 30 శాతం స్లాబు, సెస్సుతో కలిపి తగ్గిన పన్ను 31,200.

అదే రెండు లక్షలు మార్చి 28న, ఇంకో రెండు లక్షలు నాలుగు రోజులాగి ఏప్రిల్ 1న, మిగిలిన లక్ష ఆ పై ఏప్రిల్లో ఇచ్చుంటే మూడేళ్ళలో రెండున్నర లక్షల డిడక్షన్ వచ్చేది. పన్ను 78,000 తగ్గేది. ట్రస్టుకి చేరేది అప్పుడూ ఐదు లక్షలే. తేడా 46,800. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ చాలాసేపు ఆ కాగితం వంకే చూసి, "ఆ డబ్బుతో ఇంకా కొంతమందికి కళ్ళజోళ్ళు వచ్చేవి కదండీ" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అయినా తప్పు నాదే. ఆయన పోయారని తెలుసు, పరామర్శకి వెళ్ళాను, ఆయన పేరు మీద ఏదో ఒకటి చేస్తానని ఆవిడ నాతోనే అన్నారు. "చేసే ముందు ఒక్కసారి నాకు ఫోన్ చెయ్యండమ్మా" అని నా నోటి నుంచి రాలేదు.

అప్పట్నుంచి దసరా వెళ్ళగానే ఎర్ర దారం ఫైళ్ళ వాళ్ళందరికీ నేనే ఫోన్ చేస్తాను. డిసెంబర్ 15 అడ్వాన్స్ టాక్స్‌కి ఎలాగూ లెక్క వెయ్యాలి, ఆ మాటతో పాటే ఇదీ అడుగుతాను. ఈ ఏడు ఎవరికి ఇద్దామనుకుంటున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఏ డబ్బులోంచి ఇస్తున్నారు. పన్ను మాట ఆ తర్వాతే. తల్లి పేరు మీద అన్నదానం చెయ్యాలనుకుని వచ్చిన మనిషితో మనం ముందుగా శాతాల గురించి మాట్లాడితే ఆయన మనసు చిన్నబుచ్చుకుంటుంది. ఆయన చెప్పేది పూర్తిగా వినాలి. విన్నాక, అదే పని తక్కువ పన్నుతో ఎలా జరుగుతుందో చెప్పాలి.

ఇప్పుడు చాలామంది రేట్లు తక్కువగా ఉండి, డిడక్షన్లు దాదాపు లేని కొత్త పన్ను విధానంలోకి వెళ్ళిపోయారు. 2023-24 నుంచి అడక్కపోతే అదే వర్తిస్తుంది, అందులో 80జి, అంటే దానాలకి డిడక్షన్ ఇచ్చే సెక్షన్, లేదు. "నేను లక్ష ఇచ్చానండీ, ఎంత తగ్గుతుంది?" అని కొత్త విధానంలో ఉన్నాయన అడిగితే ఏమీ తగ్గదని నిజం చెప్పు. దానం కోసం పాత విధానానికి మారదామా అంటే, ముందు లెక్క వేసి చూపించు. ఈ 2025-26లో 60 ఏళ్ళ లోపు మనిషికి 20 లక్షల మీద కొత్త విధానంలో సెస్సుతో కలిపి పన్ను 2,08,000. డిడక్షన్లు ఏవీ లేకపోతే పాత విధానంలో 4,29,000. అంటే ఏడు లక్షలు దాటి డిడక్షన్లు ఉంటే తప్ప పాతది గిట్టదు. ఒక్క దానంతో అంత పోగవడం అరుదు.

కానీ ఎప్పుడో ఒకసారి అవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మన క్లయింట్ ఒకాయన ముఖ్యమంత్రి సహాయ నిధికి పెద్ద మొత్తం పంపారు. ఆ నిధికి, ప్రధాని జాతీయ సహాయ నిధికి, పీఎం కేర్స్‌కి నూటికి నూరు శాతం డిడక్షన్, పది శాతం పరిమితి కూడా లేదు. ఆయనకి హౌసింగ్ లోన్ వడ్డీ, ఇన్సూరెన్సు కూడా ఉన్నాయి. ఆయన ఉద్యోగి కాబట్టి ఆ ఒక్క ఏడు పాత విధానానికి వెళ్ళి, మరుసటి ఏడు తిరిగి కొత్తదానికి వచ్చేశారు. వ్యాపారం ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. వాళ్ళు 10-ఐఇఎ ఫారం ఇచ్చి పాతదానికి వెళ్ళి ఒకసారి వెనక్కి వచ్చాక మళ్ళీ వెళ్ళడానికి దారి మూసుకుపోతుంది. మిర్చి యార్డు వాళ్ళ విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకో.

కొత్త విధానంలో ఉన్నవాళ్ళకి పనికొచ్చే దారి ఇంకోటి ఉంది, అది చాలామంది చెప్పరు. ఎప్పుడో కొన్న షేర్లు అమ్మి, ఆ డబ్బు ట్రస్టుకి ఇద్దామని వస్తారు. రెండు లక్షలకి కొన్నవి ఇప్పుడు పది లక్షలయ్యాయనుకో. అమ్మితే ఎనిమిది లక్షల లాభం, పన్ను లేని 1.25 లక్షలు పోను మిగిలినదాని మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 87,750 పన్ను. అమ్మకుండా ఆ షేర్లనే ట్రస్టుకి గిఫ్టుగా బదిలీ చేస్తే వ్యక్తికి ఆ క్యాపిటల్ గెయిన్ పన్ను పడదు. వస్తువు రూపంలో ఇచ్చినదానికి 80జి రాదన్నది నిజమే, కానీ కొత్త విధానంలో ఆ 80జి ఎలాగూ లేదు కదా, పోయేదేముంది? అయితే ముందు ట్రస్టుకి ఫోన్ చెయ్యి. చిన్న ట్రస్టులకి చాలావాటికి డీమాట్ ఖాతా ఉండదు. ఉన్నా ఆ షేర్లని ఎక్కువ కాలం ఉంచుకోవడానికి వాళ్ళకి వీల్లేదు, అమ్మి సేవకి ఖర్చు పెట్టాలి. ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఎబి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా ఈ పని చేయించకు.

పొలం, స్థలం ఇచ్చేవాళ్ళకీ లెక్క ఇదే. 80జి రాదు. రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్, ఇద్దరు సాక్షులు తప్పనిసరి.

వస్తువు మాట వచ్చింది కాబట్టి మిర్చి వ్యాపారి గారి సంగతి కూడా చెప్పాలి. ఏటా శ్రీరామనవమికి ఒక అన్నదాన ట్రస్టుకి బియ్యం బస్తాలు లారీలో పంపేవారు, రసీదు కూడా విలువ రాయించి తెచ్చేవారు. ఆ రసీదు 80జికి చెల్లదని చెప్పాను. డబ్బు బ్యాంకు ద్వారా ట్రస్టుకి పంపండి, బియ్యం వాళ్ళే కొనుక్కుంటారు అన్నాను. "నా చేత్తో బస్తా దింపితేనే నాకు తృప్తి" అన్నారు. సరే, పది బస్తాలు ఆయన చేత్తో దింపి, మిగతా సొమ్ము బ్యాంకు ద్వారా పంపేట్టు ఒప్పించాను. మనిషి తృప్తిని కొట్టెయ్యకు తల్లీ, అది లేకపోతే వచ్చే ఏడు ఆయన ఇవ్వరు. క్యాష్‌గా ఇచ్చింది రెండు వేలు దాటితే డిడక్షన్ లేదు. హుండీలో వేసింది గుప్తదానం, దాన్ని రిటర్న్‌లోకి తీసుకురావద్దని చెప్పు.

కాగితాల విషయంలో మొహమాటపడకు. 80జి ఆమోదం ఇప్పుడు శాశ్వతం కాదు. ప్రొవిజనల్ అయితే మూడేళ్ళు, మామూలుగా ఐదేళ్ళు. రసీదు మీద ఉన్న నంబరు, గడువు ఇ-ఫైలింగ్ పోర్టల్లో నువ్వే చూడు, వాళ్ళు పంపిన జిరాక్సు నమ్మకు. ట్రస్టు మే 31 లోపు ఎవరు ఎంత ఇచ్చారో తెలిపే 10బిడి ఫారం వేసి, దాతకి 10బిఇ అనే దానం సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా రసీదు ఒక్కటీ పట్టుకుని క్లెయిమ్ చేస్తే నోటీసు వస్తుంది. ఒకసారి కొడుకు ఖాతాలోంచి డబ్బు వెళ్ళి, తండ్రి ప్యాన్ మీద 10బిఇ వచ్చింది. దాన్ని సరిచేయించడానికి ఆ ట్రస్టు చుట్టూ రెండు నెలలు తిరిగాం. అందుకే డబ్బు పంపే రోజునే ఎవరి ఖాతా, ఎవరి ప్యాన్ అని వాట్సాప్‌లో రాయించుకో. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది 2025 ఆదాయపు పన్ను చట్టం, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. క్లయింట్లు 80జి అనే అంటారు, నువ్వు మాత్రం కొత్త నంబర్లు నేర్చుకుని ఫైలు మీద రెండూ రాసిపెట్టు.

ఐదు లక్షలకి రసీదు ఇచ్చి, కమీషన్ పట్టుకుని మిగతాది క్యాష్‌గా తిరిగిచ్చే మనుషులు నీ దగ్గరికీ వస్తారు. నా దగ్గరికి వచ్చారు, కుర్చీ చూపించకుండా పంపేశాను. 2025 జూలైలో డిపార్ట్‌మెంటు దేశమంతా 150 చోట్ల తనిఖీలు చేసింది ఇలాంటి దొంగ డిడక్షన్ల మీదే. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు పెనాల్టీ. నాకు పెనాల్టీ కంటే బాధ కలిగించేది వేరే ఉంది. నిజంగా పిల్లలకి అన్నం పెట్టే ట్రస్టుల్ని కూడా జనం అనుమానంగా చూసేది వీళ్ళ మూలానే. క్లయింట్ ఎంత పెద్దవాడైనా సరే, ఆ మాట ఎత్తితే ఫైలు తిరిగిచ్చేయ్.

అమెరికా పిల్లలున్న ఇళ్ళలో టెన్షన్ వేరు. కొడుకు ఊళ్ళో ట్రస్టుకి డాలర్లు పంపిస్తానంటాడు. ముందు అడగాల్సింది పాస్‌పోర్టు. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే, గ్రీన్ కార్డు ఉన్నా సరే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. పాస్‌పోర్టు కాపీ ట్రస్టు ఫైల్లో పెట్టించు. అమెరికా సిటిజన్ అయిపోయి ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి, స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉన్న సంస్థే తీసుకోగలదు. తండ్రి ఖాతాలో వేసి అక్కణ్ణుంచి ఇప్పిద్దామంటే ఒప్పుకోకు, చిక్కుల్లో పడేది ఆ ముసలాయనే. అక్కడి పన్నులో తగ్గింపు కావాలంటే అక్కడి 501(సి)(3) సంస్థ, అంటే అక్కడ గుర్తింపు ఉన్న ధార్మిక సంస్థ, ద్వారానే ఇవ్వాలి, ఆ లెక్క వాళ్ళ సీపీఏని (అక్కడి ఆడిటర్ని) అడగమను.

ఇక ఏటా ఇద్దరు ముగ్గురు అమ్మానాన్నల పేరు మీద సొంత ట్రస్టు పెడతామంటూ వస్తారు. మనకి ఫీజు వస్తుంది, అయినా వద్దనే చెప్పు. ఆడిట్, ట్రస్టులు వేసే ఐటీఆర్-7 రిటర్న్, 10బిడి, రెన్యువల్స్ అన్నీ చూసుకోవాలి, పదేళ్ళకి పెద్ద ట్రస్టీ పోతే పట్టించుకునేవాళ్ళుండరు. ఆ ఫైళ్ళు మన బీరువాలో నాలుగున్నాయి, చూస్తే తెలుస్తుంది. ఆ సొమ్ముని నడుస్తున్న సంస్థలో కార్పస్‌గా, అంటే అసలు కదపని మూలనిధిగా పెట్టి, వడ్డీతో ఏటా ఆ తిథినాడు అన్నదానమో, కాలేజీలో ఒక స్కాలర్‌షిప్పో జరిగేట్టు రాయించుకుంటే పేరు నిలుస్తుంది, పనీ జరుగుతుంది. కార్పస్ అని లెటర్లో స్పష్టంగా రాయించడం మాత్రం మర్చిపోవద్దు.

డాక్టరమ్మగారు ఈసారి కూడా ఆ కంటి ఆసుపత్రికే ఇస్తున్నారు. ఇప్పటికీ పాత విధానమే. రెండు లక్షలు ఈ నెల ఇచ్చేశారు, మిగతాది ఏప్రిల్ మొదటి వారంలో పంపాలి. నువ్వే ఫోన్ చెయ్యి, పొద్దున పది లోపు చెయ్యి, తర్వాత ఆవిడ పేషెంట్లని చూస్తారు. నా పేరు చెప్పు, గుర్తుపడతారు.

ఇట్లు
మీ సార్