దీపానికి ఒత్తి కావాలి, ఒత్తు కాదు

దీపం, ద్వీపం, ద్విపం: నిఘంటువుల్లో వీటి అర్థాలేమిటి, ఒకే మాటను మూడు రకాలుగా రాస్తున్నారా అని అడిగారు.

కాదండీ, మూడూ వేరు. దీపం వెలుగుతుంది, ద్వీపం నీళ్ల నడుమ ఉంటుంది, ద్విపం అంటే ఏనుగు. జవాబు అంతే. కానీ ఈ మాటల దగ్గర నేనొకసారి గట్టిగా బోల్తాపడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డీటీపీ పని చేసే రోజుల్లో ఒక ఆహ్వానపత్రిక నా చేతికొచ్చింది. 'లక్ష దీపార్చన' అని కాగితం మీద శుభ్రంగా రాసి ఇచ్చారు. అంతకు ముందు వారమే ఒక భూగోళం గైడు కంపోజ్ చేశాను, అందులో లక్షద్వీప్ అనే మాట లెక్కలేనన్నిసార్లు కొట్టాను. 'లక్ష' పడగానే వేళ్లు వాటంతటవే 'ద్వీ' కొట్టేశాయి. ద కింద చిన్న వ ఒత్తు, ప్రూఫు చూసినవాళ్ల కంటికీ ఆనలేదు. కార్డులు అచ్చయ్యాక పార్టీ ఆయన వచ్చి, "నూనె, ఒత్తులు నేను తెచ్చుకుంటాను గానీ లక్ష ద్వీపాలు ఎక్కణ్ణించి తెమ్మంటావయ్యా?" అన్నాడు. నిజమే, లక్షద్వీప్‌లోనే ఉన్నవి 36. రెండోసారి అచ్చు ఖర్చు నా జీతంలోంచి పోయింది.

ఆ సాయంత్రం కసికొద్దీ శబ్దరత్నాకరం అనే తెలుగు నిఘంటువు తీశాను. దీపము 'దీ'లో దొరికింది. ద్వీపము దాని పక్కన ఎక్కడా లేదు. ఒత్తున్న అక్షరాలు 'దౌ' అయిపోయాక వస్తాయి, అందులోనూ ద్య, ద్ర దాటాక గానీ ద్వ రాదు. చూడ్డానికి కవలల్లా ఉన్న మాటలు నిఘంటువులో ఎన్నో పేజీల ఎడంలో ఉన్నాయన్నమాట. కొత్తగా నిఘంటువు పట్టేవాళ్లు 'ఈ మాట ఇందులో లేదు' అనేసుకునేది ఇక్కడే.

అసలు తమాషా మాత్రం చివర ఉన్న 'ప'లో ఉంది. మూడింట్లోనూ అదే అక్షరం, కానీ మూడుచోట్ల నుంచి వచ్చింది. దీపంలో అది ధాతువులోదే, అంటే మాట పుట్టిన మూలంలోదే. 'దీప్' అంటే ప్రకాశించడం. దీప్తి, ప్రదీపం, ఉద్దీపన అన్నీ ఆ ఇంటివే. ఆకలి పుట్టించే మందుకు వైద్యులు చెప్పే 'దీపనం' కూడా అంతే, కడుపులో అగ్నిని రగిలించేదని. ద్వీపంలో 'ప' నీళ్లది. ద్వి, అప్ కలిశాయి, అప్ అంటే నీరు. రెండు పక్కలా నీరున్నది ద్వీపం. ఇలా కలిసినప్పుడు అప్‌లోని అకారం ఈకారమవుతుందని సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని సూత్రమే ఉంది. ద్వీపానికే ఇంకో పేరైన అంతరీపం అదే పద్ధతిలో పుట్టింది. మనం రోజూ వాడే 'సమీపం'లోనూ ఆ నీళ్లే ఉన్నాయని తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది. ఇక ద్విపంలో 'ప' తాగడానిది. తొండంతోనూ నోటితోనూ, రెండింటితో తాగేది కనుక ఏనుగు ద్విపం. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో దీని పక్కనే అనేకపం, ద్విరదం కనిపిస్తాయి, అవీ ఏనుగు పేర్లే. పద్యాలు చదివితే తప్ప ద్విపంతో మీకు పని పడదు. ద్వీపి అని ఇంకోటి ఉంది, అది చిరుతపులి. ఒంటి మీది మచ్చలు దీవుల్లా ఉంటాయని ఆ పేరు.

తెలుగులోకి దిగాక గజిబిజి ఇంకాస్త పెరుగుతుంది. దీపం దివ్వె అయింది, ద్వీపం దీవి అయింది, దివి కూడా అయింది. దివిసీమలో దివి ఇదే. 'భువి నుండి దివికి' అన్నప్పటి దివి మాత్రం స్వర్గం, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇలాంటిచోట అర్థం కంటే ముందు, మాట పక్కన పొట్టిగా వేసే గుర్తులు చూడండి. సం. అంటే సంస్కృతం నుంచి నేరుగా వచ్చింది, వై. అంటే మారి వచ్చింది, దే. అంటే అచ్చంగా మనది. నేను చాలా ఏళ్లు వాటిని దాటేసి చదివాను, తప్పు.

దీపం చుట్టూ ఉన్న సామాను పేర్లతోనూ జాగ్రత్త. నూనె పోసేది ప్రమిద, గుడి ఎగిరిపోతే ప్రమద, అంటే ఆడది. దీపం నిలబెట్టేది సెమ్మె. సమ్మె సంగతి మీకు తెలిసిందే.

గుర్తు పెట్టుకోవడానికి నేను కట్టుకున్న చిట్కా ఒకటుంది: దీపానికి ఒత్తి ఉండాలి, ఒత్తు ఉండకూడదు. ఏనుగుకు ఒత్తు ఉంటుంది, దీర్ఘం ఉండదు. రెండూ ఉంటే అది నీళ్ల మధ్య నేల. ఇప్పటికీ ఎవరైనా 'లక్ష' అని రాసిస్తే, నా కళ్లు ముందు పోయేది ద కిందికే.