మాత్రల లెక్క ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: నా వయసు 58. మా అమ్మాయి కాలేజీలో చేరిన ఏడాది వానలో తడిసిన పిల్లికూనని ఇంటికి తెచ్చింది. పేరు చిట్టి. చదువు, ఉద్యోగం, పెళ్లి అయ్యి అమ్మాయి దూరం వెళ్లిపోయింది. పిల్లి నా దగ్గర ఉండిపోయింది. దానికిప్పుడు 14 ఏళ్లు. బాగా తింటూనే చిక్కిపోతుంటే డాక్టరుకి చూపించాం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని చెప్పి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేయమన్నారు. నోరు తెరవదు. నా చేతులన్నీ గీరేసింది. మింగినట్టే ఉండి సోఫా వెనక ఉమ్మేస్తుంది. ఈ మధ్య నన్ను చూస్తేనే మంచం కిందికి దూరుతోంది. అమ్మాయి రోజూ వీడియో కాల్ చేసి, తను చూస్తుండగా వేయమంటుంది. పోయిన వారం నాలుగు పూటలు వేయలేక, వేశానని చెప్పాను. స్ట్రిప్ చూపించమంది. మిగిలిన మాత్రలు తీసి చెత్తబుట్టలో వేసి చూపించాను. లెక్కలో ఒకటి ఎక్కువ పారేసి దొరికిపోయాను. "దాన్ని నువ్వే చంపేస్తావు" అని ఫోన్ పెట్టేసింది. కోపం వస్తే వారాల తరబడి మాట్లాడదు, చిన్నప్పటినుంచీ అంతే. మావారేమో ముసలి పిల్లికి ఎందుకీ హింస అంటారు. మొన్న అది ముడుచుకుని పడుకుంటే, మన జ్వరం మాత్ర సగం వేసి చూడమన్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. మందు ఆపేస్తే పాపమా? (పేరు రాయవద్దు)

జవాబు: పాపమా పుణ్యమా అన్నదాన్ని పక్కన పెట్టేస్తున్నాను. మందు కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అన్నది చిట్టిని పట్టి చూసిన డాక్టరూ రోజూ చూసుకుంటున్న మీరూ కూర్చుని తేల్చుకోవాలి. అందులో నాకు చోటు లేదు. దూరాన ఉన్న మీ అమ్మాయికీ అంతగా లేదు.

నేను ఆగిపోయింది ఆ చెత్తబుట్ట దగ్గర. 58 ఏళ్ల మనిషి తన ఇంట్లో నిలబడి, కూతురు కోప్పడుతుందని మాత్రలు గిల్లి పారేసింది. అదీ కంగారులో లెక్క తప్పి! మీ ఉత్తరంలో పిల్లి జబ్బు గురించి నాలుగు ముక్కలున్నాయి. మిగతా అంతా అమ్మాయి అడగడం, మీరు చూపించడం, ఆమె తిట్టడం, మీరు నిద్ర పోకపోవడం. చిన్నప్పుడు ఆమె అలిగిన ప్రతిసారీ మీరే వెళ్లి బతిమాలుకుని ఉంటారు. చాలామంది తల్లులం చేసిన పనే అది. మాట్లాడకపోవడం ఎంత బాగా పనిచేస్తుందో పిల్లలకు నేర్పింది మనమే.

అయినా మిమ్మల్ని ఊరికే వదలను. తిట్టు భయంతో చెప్పిన అబద్ధం ముందుగా తగిలేది పిల్లికే. ఈ జబ్బుకి మందు మోతాదు రక్తపరీక్ష చూసి సరిచేస్తారు. నాలుగు పూటలు మానేసి, అన్నీ వేశానని చెబితే, మందు సరిపోవడం లేదనుకుని డాక్టరు మోతాదు పెంచుతారు. రేపు మీరు సక్రమంగా వేయడం మొదలుపెట్టగానే అది పిల్లికి ఎక్కువైపోతుంది. అమ్మాయికి తర్వాత చెబుదురుగాని, ఇవాళే డాక్టరుకి ఫోన్ చేసి ఎన్ని పూటలు తప్పాయో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు ఇలాంటివి రోజూ వింటారు, ఎవరూ తిట్టరు. తప్పిన మాత్రకి బదులుగా రెండు కలిపి మాత్రం వేయకండి. అలాగని మందు మీకు మీరే ఆపేయకండి. థైరాయిడ్‌ని వదిలేస్తే గుండె అదే పనిగా పరిగెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఎంత తిన్నా ఒళ్లు కరిగిపోతుంది.

అదే ఫోన్‌లో ఇంకో మాట అడగండి. మాత్ర ఒక్కటే దారి కాదు. ఇదే మందు కొన్నిచోట్ల ద్రవంగా, చెవి లోపలివైపు రాసే జెల్‌గా కూడా దొరుకుతుంది. జెల్ అయితే వేలికి తొడుగు వేసుకుని, పాతది తుడిచి, ఈ పూట ఒక చెవికి, మరో పూట రెండో చెవికి రాస్తారు. అయోడిన్ తగ్గించిన ప్రత్యేక ఆహారం ఉంది. సదుపాయం ఉన్నచోట ఒక్కసారి ఇచ్చే రేడియో అయోడిన్ చికిత్సా ఉంది. చిట్టికి ఏది నప్పుతుందో డాక్టరు చెబుతారు. నోరు తెరవని పిల్లితో రెండు పూటలా కుస్తీ పడుతున్నానని మీరు చెప్పకపోతే ఆయనకి ఎలా తెలుస్తుంది?

అప్పటిదాకా మాత్రే వేయాలి కాబట్టి చెబుతున్నాను. మీరు ఎదురుగా నిలబడి వేస్తున్నారని గీతల్ని బట్టి అనుకుంటున్నాను. పిల్లి వీపు మీ పొట్టకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. కాళ్లు బయటికి రాకుండా తువ్వాలు చుట్టండి. ఒక చేత్తో పైనుంచి తల పట్టుకుని, బొటనవేలు ఒక చెంప ఎముక మీద, మిగతా వేళ్లు రెండోవైపు చెంప ఎముక మీద ఆనించి, ముక్కు పైకప్పు వైపు తిరిగేలా ఎత్తండి. కింది దవడ దానంతట అదే వదులవుతుంది. రెండో చేతి మధ్యవేలితో ముందున్న చిన్న పళ్లని కిందికి నొక్కి, మాత్రని నాలుక మీద, మధ్యలో, బాగా వెనక్కి వదలాలి. ముందు పడిందా, ఉమ్మేస్తుంది. నోరు మూసి గొంతు నిమరండి. నాలుక బయటికి వచ్చి ముక్కు నాకిందంటే సాధారణంగా మింగేసినట్టే. వెంటనే సూది లేని సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు చెంప పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టండి. గొంతులోకి నేరుగా కొట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లు పట్టకపోతే మాత్ర ఆహారనాళంలో ఇరుక్కోవచ్చు. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను మా ముసలి పిల్లికి వారం రోజులు పొడి మాత్రలే వేశాను. అది ఎందుకు గుటకలు వేస్తోందో అర్థం కాలేదు. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

దానికి ఇష్టమైన మెత్తటి తిండిలో పెట్టి ఇవ్వవచ్చేమో కూడా అడగండి. సరేనంటే మూడు చిన్న ఉండలు చేయండి: మొదటిది ఖాళీది, రెండోదాంట్లో మాత్ర, దాని వెనకే మూడోది. మాత్రని పొడి చేసి గిన్నెడు తిండిలో మాత్రం కలపకండి. చేదు తగిలితే రేపు ఆ తిండినే వాసన చూసి వదిలేస్తుంది. పైగా ఈ మందుని డాక్టరుని అడగకుండా నలపకూడదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే అరగంట వదిలేయండి. మంచం కిందనుంచి లాగి మాత్రం వేయవద్దు, దానికి ఒక్క చోటైనా నిశ్చింతగా ఉండాలి. మాత్ర లేని వేళల్లో కూడా దగ్గరికి వెళ్లండి, దువ్వండి, ఊరికే పక్కన కూర్చోండి.

మీవారి సంగతి. హింస అని తీర్పు చెప్పిన మనిషిని తువ్వాలు పట్టుకోమనండి. రెండు చేతుల పని నాలుగు చేతులైతే పది సెకన్లలో అయిపోతుంది. ఆ జ్వరం మాత్రలు మాత్రం చిట్టికి అందని చోట పెట్టండి, ఆయనకి కూడా. పారాసెటమాల్‌ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. అది ముడుచుకుని పడుకుంటే డాక్టరుకి చెప్పాలి. వాంతులైనా, మొహం గోక్కుంటున్నా, ఒక రోజంతా తినకపోయినా అంతే. పిల్లి నాలుగు రోజులు పస్తుంటే ఏమీ కాదనుకోకండి, కాలేయం చెడిపోతుంది.

ఇక అమ్మాయి. దగ్గర లేనన్న బాధ ఆమెని తినేస్తోందని నాకు తెలుసు. తను తెచ్చిన ప్రాణిని తల్లికి వదిలి వెళ్లింది, ఆ అపరాధ భావమే ఇలా అధికారంగా మారింది. అర్థం చేసుకుంటాను, ఒప్పుకోను. చేతులు గీరించుకుంటున్న తల్లిని పట్టుకుని "నువ్వే చంపేస్తావు" అనడం ఏ ప్రేమ కిందకీ రాదు. దీనికి కొందరు పిల్లలు నాకు కోపంగా రాస్తారు, రాయనివ్వండి.

ఆమె మాట్లాడే దాకా మీరు ఎదురు చూడవద్దు. మీరే ఫోన్ చేయండి, బతిమాలడానికి కాదు. "నాలుగు పూటలు వేయలేకపోయాను. వేశానని అబద్ధం చెప్పాను, అది తప్పే. డాక్టరుకి చెప్పేశాను. ఇకనుంచి మందు వేసేటప్పుడు ఫోన్ ఉండదు, స్ట్రిప్ చూపించను. నీకు చెయ్యాలని ఉంటే సెలవు పెట్టుకుని రా, పది రోజులు రెండు పూటలా నువ్వే వెయ్యి." ఇంతే చెప్పండి. రాలేనంటే తప్పు పట్టకండి. జెల్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కునే పని, పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకునే పని ఆమెకి అప్పగించండి. అవి దూరం నుంచి చేయగల పనులే. ఆ తర్వాత ఆమె మూడు వారాలు మాట్లాడకపోతే మాట్లాడకపోనివ్వండి. ఈసారి మాత్రం మధ్యలో మెత్తబడి, చిట్టి ఫొటో పంపి సంధి చేసుకోకండి.

గీతల్ని సబ్బుతో బాగా కడుక్కోండి. పన్ను దిగి ఉంటే మీరూ డాక్టరుకి చూపించుకోవాలి. వారానికోసారి చిట్టిని ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి ఆ బరువు తీసేసి కాగితం మీద రాసుకోండి. నాకు మళ్లీ రాస్తే ఆ అంకెలు రాయండి, అమ్మాయి ఏమందో వద్దు.