ముందు నిధిని వెతకండి, తర్వాత కొలువును

ప్రశ్న: కాంక్రీటు నిర్మాణాలపై పరిశోధన చేసి గత ఏడాది పీహెచ్‌డీ పొందాను. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన కొలువు) కోసం జర్మనీలోని సాంకేతిక విశ్వవిద్యాలయాల ఆచార్యులకు నలభైకి పైగా మెయిళ్లు పంపితే రెండు జవాబులే వచ్చాయి. ఎక్కడ వెతకాలి? జర్మన్ భాష రాకపోతే కష్టమా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: జవాబులు రాకపోవడాన్ని మీ అర్హతకు కొలమానంగా తీసుకోవద్దు. అక్కడ పోస్ట్‌డాక్‌లను సాధారణంగా విశ్వవిద్యాలయ కేంద్ర కార్యాలయం ఎంపిక చేయదు. ఒక ఆచార్యుని పీఠానికి, అంటే ఆయన పరిశోధన బృందానికి, డీఎఫ్‌జీ (జర్మనీలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రధాన సంస్థ) నుంచో, ఫెడరల్ మంత్రిత్వ శాఖ నుంచో, ఐరోపా సమాఖ్య నుంచో ప్రాజెక్టు మంజూరైనప్పుడు ఆ డబ్బుతో, ఎక్కువగా ఆ ప్రాజెక్టు గడువు మేరకే, కొలువు ఏర్పడుతుంది. చేతిలో నిధి లేని ఆచార్యునికి ఎంత మంచి ఉత్తరం రాసినా ఆయన చేయగలిగింది తక్కువ.

మీ రంగంలోనే చూడండి. డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం కార్బన్ కాంక్రీటుకు పేరుపొందింది. ఉక్కు చువ్వలకు బదులు కార్బన్ నార వేసి కట్టిన ‘క్యూబ్’ భవనం 2022లో పూర్తయింది అక్కడే. ఆ విశ్వవిద్యాలయం, ఆఖెన్‌లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి 2020 నుంచి కార్బన్ కాంక్రీటుపైనే ‘టీఆర్‌ఆర్ 280’ అనే ఉమ్మడి పరిశోధనను డీఎఫ్‌జీ నిధులతో సాగిస్తున్నాయి. ఇలాంటి ఉమ్మడి పరిశోధనలకు నాలుగేళ్లకొక విడతగా, గరిష్ఠంగా 12 ఏళ్లు నిధులు అందుతాయి కనుక, కొత్త విడత మొదలయ్యే వేళ ఖాళీలు ఎక్కువగా కనిపిస్తాయి. డీఎఫ్‌జీవారి ‘గెప్రిస్’ సమాచారనిధిలో ఏ ఉపప్రాజెక్టు ఎవరి దగ్గర ఉందో ఉచితంగా చూడవచ్చు. ఆ ఉపప్రాజెక్టులో మీ ప్రయోగ ఫలితం ఎక్కడ అతుకుతుందో రెండు పేరాల్లో చెప్పగలిగితేనే రాయండి. ‘గౌరవనీయులైన ఆచార్యా’ అని మొదలయ్యే మూస మెయిల్‌ను ఆయన చదవరు, చదవనందుకు తప్పుపట్టనూ లేము.

విశ్వవిద్యాలయాల ప్రకటనలతో పాటు ఐరోపా పరిశోధన కొలువుల ప్రకటనల వెబ్‌సైట్ యూరాక్సెస్‌నూ గమనిస్తూ ఉండండి. ‘విసెన్‌షాఫ్ట్‌లిషర్ మిటార్‌బైటర్’ (పరిశోధన ఉద్యోగి) అన్న ఒకే హోదా పీహెచ్‌డీ చేయబోయేవారికీ, చేసినవారికీ వాడతారు కాబట్టి అర్హతల వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. జర్మన్‌లో ‘ప్రొమోషన్’ అంటే పదోన్నతి కాదు, డాక్టరేట్. ఈ మాట దగ్గర పొరబడిన మనవాళ్లు కొందరున్నారు. ‘టీవీ-ఎల్ ఇ13’ రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల వేతన శ్రేణి, పక్కన ఉండే శాతం పనిగంటల వాటా. డ్రెస్డెన్ ప్రకటనల్లో పత్రాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా పంపమని అడగడం మామూలు. విడివిడిగా పంపి మొదటి మెట్టులోనే చికాకు కలిగించకండి.

భాష విషయానికొస్తే, పరిశోధన వరకు ఇంగ్లిష్‌తో నడుస్తుంది. అయితే కాంక్రీటు ప్రయోగశాలలో అచ్చులు బిగించే, యంత్రాలు నడిపే సాంకేతిక సిబ్బందితో రోజూ పని పడుతుంది. వారితో మాట్లాడుకోగలిగినంత జర్మన్ ఇప్పటి నుంచే నేర్చుకోండి. బోధన బాధ్యత ఉన్న కొలువుకైతే అంతకు మించిన పట్టు అడగవచ్చు.

నిధి లేదని జవాబిచ్చిన ఆచార్యుని దారి అంతటితో మూసుకుపోదు. విదేశీ పరిశోధకులకు తోడ్పడే జర్మన్ సంస్థ హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చే ఫెలోషిప్‌కు ఆయన ఆతిథ్య అంగీకారం ఇస్తే దరఖాస్తు మీరే చేసుకోవచ్చు, డబ్బు ఫౌండేషన్ ఇస్తుంది. పోస్ట్‌డాక్ విభాగానికి పీహెచ్‌డీ పూర్తయిన నాలుగేళ్లలోపు దరఖాస్తు చేయాలి. మీకింకా వ్యవధి ఉంది. మీకు వచ్చిన ఆ రెండు జవాబుల్లో ఇలాంటిది ఉందేమో మరోసారి చదివి చూడండి.