రెరా నంబరు రాకముందే 20 లక్షలు కట్టమంటున్నారు, కట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 37. ఐటీ ఉద్యోగంలో నెలకు చేతికి 1,35,000 వస్తుంది. నా భార్య జీతం 45,000. ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలతో మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నాము. కారు వాయిదాతో కలిపి నెల ఖర్చు లక్ష రూపాయలు. కొల్లూరులో ఒక ఫ్లాట్‌ను పెట్టుబడి కోసం కొనాలనుకుంటున్నాను. ఇప్పుడు 20 లక్షలు కడితే 80 లక్షలకే ఇస్తామని, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు వచ్చాక ధర 92 లక్షలు అవుతుందని బిల్డర్ చెబుతున్నారు. ఎఫ్‌డీలో 9 లక్షలు ఊరికే పడి ఉన్నాయి. వాటికి 12 లక్షల పర్సనల్ లోన్ కలిపి కట్టి, మిగిలిన 60 లక్షలకు హోమ్ లోన్ తీసుకుందామని ఆలోచన. నెలకు 24,000 అద్దె వస్తుందంటున్నారు. టోకెన్‌గా 50,000 ఇచ్చాను. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వెళ్లవద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి, వాటన్నింటిలోనూ ఉన్న పొరపాటే మీ ఉత్తరంలోనూ ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మీ 9 లక్షలు ఊరికే పడి లేవు. ఆరుగురున్న కుటుంబానికి, ఇద్దరి జీతాల్లో ఏది ఆగినా ఇల్లు గడవడానికి ఉన్న ఏకైక ఆధారం ఆ డబ్బు. నెలకు లక్ష ఖర్చున్న మీకు ఆరు నెలల అత్యవసర నిధి అంటే 6 లక్షలు. అంటే ఇప్పుడు పెట్టుబడికి తీయదగినది 3 లక్షలు మాత్రమే.

మీ లెక్కనే ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. 60 లక్షల హోమ్ లోన్‌కు 8.5 శాతం వడ్డీతో, 20 ఏళ్ల గడువుతో నెల వాయిదా 52,069 రూపాయలు. 12 లక్షల పర్సనల్ లోన్‌కు 13 శాతం వడ్డీతో, ఐదేళ్లకు వాయిదా 27,304. రెండూ కలిపి 79,373. మీకు నెలకు మిగిలేది 80,000. అంటే రెండు వాయిదాలూ పూర్తిగా మొదలైన నెల నుంచి మీ చేతిలో ఉండేది 627 రూపాయలు. హోమ్ లోన్ చలన వడ్డీ మీద ఉంటుంది కాబట్టి అది ఒక్క శాతం పెరిగినా అదే గడువుకు వాయిదా మరో 3,859 పెరుగుతుంది. బ్యాంకు వాయిదాను పెంచకుండా గడువును పొడిగించినా, ఆ భారం తర్వాత మీరే మోయాలి. పైగా వాయిదాలు మొదలయ్యాక మీ నెల అవసరం లక్ష నుంచి 1.8 లక్షలకు చేరుతుంది, ఆరు నెలల నిధి సుమారు 11 లక్షలు కావాలి. నిధిని పెంచుకోవలసిన సమయంలో మీరు ఉన్నదాన్నే ఖాళీ చేస్తున్నారు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం ఎవరి వల్లా కాదు.

ఇంకో విషయం అడగక తప్పదు. నిజంగానే ప్రతి నెలా 80,000 మిగులుతుంటే, ఇన్నేళ్ల ఉద్యోగంలో 9 లక్షలే ఎందుకు పోగయ్యాయి? పండుగలు, పెళ్లిళ్లు, స్కూలు ఫీజులు, నాన్నగారి మందులు మీ లక్ష రూపాయల లెక్కలోకి పూర్తిగా రాలేదని నా అనుమానం. నెలకు 79,000 చొప్పున ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేసి, మిగిలిన దానితోనే ఇల్లు నడిపి చూడండి. మధ్యలో ఒక్క నెల తప్పినా ఈ అప్పు మీ జీతానికి మించినదని మీకే తెలుస్తుంది.

ఇక పర్సనల్ లోన్ సంగతి. స్థిరాస్తి డౌన్‌పేమెంట్‌కు పర్సనల్ లోన్ తేవడాన్ని నేను ఎవరికీ, ఏ పరిస్థితిలోనూ సమర్థించను. రెరా నంబరు లేని ప్రాజెక్టుకు బ్యాంకులు హోమ్ లోన్ ఇవ్వవు కాబట్టే మీరు పర్సనల్ లోన్ వైపు చూస్తున్నారు, ఆ ఒక్క కారణం చాలు ఆగిపోవడానికి. ఆ అప్పు వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది. అనుమతులు ఆలస్యమైనా, అసలు రాకపోయినా, పునాది తవ్వకపోయినా ఆ 27,304 ఆగదు. రేపు హోమ్ లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకు మీ కారు వాయిదాతో పాటు దీన్ని కూడా ఆదాయంలోంచి తీసేసి అర్హతను లెక్కగడుతుంది. 60 లక్షలకు బదులు 50 లక్షలే ఇస్తానంటే మిగతా 10 లక్షలకు ఎక్కడికి వెళ్తారు?

2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదు తప్పనిసరి అయిన ప్రాజెక్టులో నమోదుకు ముందు ఫ్లాట్లను అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా కుదరదు. నమోదైన తర్వాత సైతం, విక్రయ ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాట్‌కు అది 8 లక్షలు. మీ బిల్డర్ నంబరు లేకుండానే 20 లక్షలు అడుగుతున్నారు. ఆయన చూపిస్తున్న 12 లక్షల తగ్గింపు ఆ చట్టరక్షణను వదులుకున్నందుకు మీకు ఇస్తున్న ధర మాత్రమే. కొల్లూరు, తెల్లాపూర్ వైపు చెరువులు కూడా ఉన్నాయి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చివేతలు చూసిన తర్వాతైనా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే మేర), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ హద్దులు చూసుకోకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఆ స్థలానికి ఇబ్బంది లేదని కాదు.

మీ అంచనాలో లేని ఖర్చు మరొకటి ఉంది. నిర్మాణంలో ఉన్న ఈ ఫ్లాట్‌కు 5 శాతం జీఎస్టీ అంటే 4 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 6 లక్షలు అవుతుంది. ఈ 10 లక్షలకు మీరు దారి చూపలేదు. అద్దె 24,000 వచ్చినా ఏడాదికి 2.88 లక్షలు, అంటే 80 లక్షల మీద 3.6 శాతం. ఇల్లు ఖాళీగా ఉండే నెలలు, మెయింటెనెన్స్, ఆస్తి పన్ను అందులోంచే పోవాలి. 8.5 శాతానికి అప్పు తెచ్చి ఈ రాబడి కోసం చూడటమంటే, భారమంతా ధర పెరుగుతుందన్న ఆశ మీదే వేయడం.

ఆ ఆశ కూడా మీ ఉద్యోగానికే ముడిపడి ఉంది. మీ జీతం గచ్చిబౌలి, హైటెక్ సిటీ కంపెనీల నుంచి వస్తుంది. కొల్లూరులో మీ ఫ్లాట్‌లో అద్దెకు దిగేవారి జీతమూ, రేపు దాన్ని కొనేవారి జీతమూ చాలావరకు అక్కడి నుంచే రావాలి. ఐటీ రంగం మందగిస్తే మీ ఉద్యోగం, మీ అద్దె, మీ ఫ్లాట్ ధర ఒకేసారి దెబ్బతింటాయి. అలాంటి సమయంలో అవసరానికి ఫ్లాట్‌లో ఒక గదిని అమ్ముకోలేము, ఎఫ్‌డీని మాత్రం ఆ రోజే తీసుకోవచ్చు.

బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. కుటుంబానికి సొంతంగా ఒక ఫ్లోటర్ పాలసీ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), పెద్దవారికి విడిగా ఒకటి, మీ పేరున కనీసం కోటిన్నర టర్మ్ పాలసీ (మీరు లేకపోతే కుటుంబానికి డబ్బు అందే జీవిత బీమా) ముందు తీసుకోండి. వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఇంకా వాయిదా వేయడానికి కారణం కనిపించదు.

స్థిరాస్తి మీద అంత మక్కువ ఉంటే రీట్‌లలో (అద్దె వచ్చే భవనాల్లో చిన్న వాటాలు కొనే పథకాలు) కొద్దిగా పెట్టవచ్చు, దీర్ఘకాలానికి ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) నెలనెలా కొంత వేసే సిప్ సరిపోతుంది. ఫ్లాటే కావాలంటే కారు అప్పు తీర్చి, రెండు, మూడేళ్లు పొదుపు చేసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చిన ఫ్లాట్‌ను మీరు ఉండటానికే కొనండి. దానికి జీఎస్టీ ఉండదు, మీరు కడుతున్న అద్దె కూడా వాయిదాకు తోడవుతుంది.

టోకెన్‌గా ఇచ్చిన 50,000 వెనక్కి ఇవ్వమని ఈ వారమే ఈ-మెయిల్‌లో అడగండి, రసీదును, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను భద్రపరచండి. ఇవ్వకపోతే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయండి. ఒకవేళ ఆ డబ్బు తిరిగి రావడం ఆలస్యమైనా, దాని కోసమని మిగిలిన 19.5 లక్షలు మాత్రం కట్టవద్దు.