కెమెరా ఖర్చు కెమెరాయే మొయ్యాలి

ప్రశ్న: మాది రాయగడ. పేపరు మిల్లులో పని. చేతికొచ్చేది నెలకు 34,000. ఇంటి ఖర్చులు, పాప స్కూలు, 5,000 చీటీ అన్నీ పోను 5,000 మిగులుతుంది. బ్యాంకులో 40,000 ఉంది. మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్ నికాన్ కెమెరా కొన్నాను. సెలవు దొరికితే నాగావళి ఒడ్డుకో, హాతీపత్థర్ జలపాతానికో పోతాను. మజ్జిగౌరమ్మ చైత్ర జాతర ఏటా తీస్తాను. తెలిసినవాళ్ల బారసాలకో, పుట్టినరోజుకో తీసిస్తే వెయ్యో రెండు వేలో ఇస్తారు. ఇప్పుడు ఎడిటింగ్ నేర్చుకుందామని ఉంది. విశాఖలో మా బావమరిది లైట్‌రూమ్, ఫొటోషాప్ ప్లాన్ తీసుకోమంటున్నాడు. నెలకు 800 దాకా అవుతుందట. నా లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. 60,000 లాప్‌టాప్ 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో ఇస్తామన్నారు. ఇక్కడి షాపతను 500 ఇస్తే క్రాక్ (దొంగ కాపీ) వేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు మిగిలేది 5,000. మీరు తలకెత్తుకోబోతున్నది ఈఎంఐ, ప్లాన్ కలిపి 5,800. సాఫ్ట్‌వేర్ ఏది మంచిదన్న మాట తర్వాత, ముందు ఈ తేడా చూడండి. బ్యాంకులో ఉన్న 40,000 మీ ఇంటికి నెలన్నర కూడా రాదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక విజయనగరమో విశాఖో పరుగెత్తాల్సి వస్తే మీకున్న ఆధారం అదొక్కటే. దాన్ని కదపొద్దు.

నో కాస్ట్ ఈఎంఐ అన్న పేరుకు మోసపోకండి. సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట వస్తువు ధరలోనో, మీకు రావాల్సిన డిస్కౌంటులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఉంటుంది. అదే లాప్‌టాప్ రొక్కానికి ఎంతకిస్తారో అడిగి చూడండి.

ఇక నెలవారీ ప్లాన్. లైట్‌రూమ్, ఫొటోషాప్ తయారుచేసే అడోబీ సంస్థ 2013 నుంచి ఫొటోషాప్ కొత్త వెర్షన్లను ఒకేసారి కొనుక్కునే పద్ధతి మానేసింది. లైట్‌రూమ్‌లో అలా కొనుక్కోగలిగిన చివరిది 2015లో వచ్చిన ఆరో వెర్షన్. అంటే మీరు కట్టేది అద్దె. అద్దె మానేస్తే మీ ఫొటోలు ఎక్కడికీ పోవు గానీ, లైట్‌రూమ్ క్లాసిక్‌లో దిద్దుబాటు చేసే డెవలప్ భాగం మూతపడుతుంది. ఇంకో మెలిక ఉంది. నెలనెలా కట్టే ప్లాన్లలో చాలావరకు ఏడాది ఒప్పందమే. మొదటి 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టమంటారు. నాలుగు నెలలకు మానేశారనుకోండి, మిగిలిన ఎనిమిది నెలలకు 6,400, అందులో సగం 3,200. ఈ రుసుమును వినియోగదారులకు సరిగా చెప్పడం లేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫార్సు మీద అమెరికా న్యాయశాఖ 2024 జూన్‌లో కేసు కూడా వేసింది. ఎప్పుడైనా చేరితే ఆ షరతులు చదివాకే చేరండి.

అదే 800 పోస్టాఫీసు ఆర్‌డీలో 6.7 శాతానికి అయిదేళ్లు వేస్తే సుమారు 57,000 చేతికొస్తుంది. పాప కాలేజీ ఫీజుకు ఉపయోగపడే డబ్బు. సరదా మానుకోమని ఈ మాట అనడం లేదు. నెలకు 800 చిన్నదిగా కనబడుతుంది, అందుకని చెప్పాను.

క్రాక్ మాట అసలు తలపెట్టొద్దు. అదే లాప్‌టాప్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. ఎవరో విరిచి ఇచ్చిన ప్రోగ్రాం వెనక ఏముందో ఆ షాపతనికీ తెలియదు. కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద దొంగ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 500కి అంత దూరం పోవడమెందుకు?

మీకు నేను చెప్పేది ఇది. నికాన్ వాళ్లే ఎన్‌ఎక్స్ స్టూడియో అని 2021 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. మీ కెమెరా రా ఫైళ్లు (కెమెరా ఏ దిద్దుబాటూ చేయకుండా దాచే అసలు ఫైళ్లు) తెరవడానికి, వెలుగు, రంగులు సరిచేయడానికి అది చాలు. జలపాతం దగ్గర తెల్లగా మండిపోయిన నీళ్లను, నల్లబడిన రాళ్లను ఒకే ఫొటోలో ఎలా నిలబెట్టాలో అందులోనే నేర్చుకోవచ్చు. అది చాలకపోతే డార్క్‌టేబుల్, రాథెరపీ ఉన్నాయి, రెండూ ఉచితమే. మొటిమలు తీయడానికి, ఫొటో మీద అక్షరాలు వేయడానికి గింప్ ఉంది. ఫొటోషాప్ లాంటిదే, ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చిన అఫినిటీని 2024లో కాన్వా సంస్థ కొనుక్కుంది. 2025 అక్టోబరు చివరి నుంచి అకౌంటు తెరిస్తే చాలు, ఉచితం. ఏఐ పనిముట్లకు మాత్రం డబ్బు కట్టాలి. ఇన్ని ఉన్నాయని అన్నీ ఒకేసారి దింపుకోకండి. ఒక్కటి పట్టుకుని ఆర్నెల్లు కూర్చోండి.

లాప్‌టాప్ కొనేముందు మెకానిక్‌తో విప్పించి చూపించండి. ర్యామ్ మార్చే వీలుంటే 8 లేదా 16 జీబీ వేయించి, హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టిస్తే కొన్ని వేలలో పని అయిపోవచ్చు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అది ముందే కనుక్కోండి.

ఫొటోలు తీసిస్తే వచ్చే వెయ్యి, రెండు వేలు ఇంటి ఖర్చుల్లో కలపకండి. వేరే అకౌంటులో పెట్టండి. ర్యామ్ అయినా, రేపు లెన్స్ అయినా అందులోంచే. ఆ అకౌంటులో ఒక ఏడాది ప్లాన్ సొమ్ము పోగయ్యి, ఏ స్టూడియో అయినా ఫొటోషాప్ సొంత ఫైలు పీఎస్‌డీయే కావాలని పని ఇస్తుంటే, అప్పుడు అడోబీకి వెళ్లండి. నేనే వెళ్లమంటాను.

మీరు అడగని మాట ఒకటి. మూడేళ్ల ఫొటోలూ ఆ పాత లాప్‌టాప్‌లోనే ఉన్నాయా? 24 మెగాపిక్సెల్ రా ఫైలు ఒక్కోటి 20 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది, ఒక్క జాతరకే పది జీబీ దాటిపోతుంది. డిస్క్ పోతే పాప చిన్ననాటి ఫొటోలు మళ్లీ తీయలేరు. కాబట్టి కెమెరా అకౌంటులోంచి మొదటి ఖర్చు ర్యామ్ కూడా కాదు, ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. కాపీ చేశాక దాన్ని లాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి, బీరువాలో పెట్టండి.